నా బదులు వెళ్లిన అక్క

నా చిన్నప్పుడు, అంటే ఇంకా తెలంగాణ రాకముందు మాట, నాచారంలో మేమున్న గల్లీకి ఆదివారాలు యూనివర్సిటీ పిల్లలు వచ్చేవారు. చదువు మానేసి పనికి పోయేవాళ్లని వెతికి పట్టుకుని మళ్లీ పుస్తకం చేతిలో పెట్టడం వాళ్ల పని. వాళ్లలో నల్గొండ వైపు నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అక్క నన్ను వదిలేది కాదు. పది పాసైతే ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ, ఆ పైన తన హాస్టల్లో పక్క మంచం నాదేనని ఊరించేది.

అప్పటికి మా నాన్న మంచాన పడి ఉన్నాడు. నేను తొమ్మిదితో బడి మానేసి, కారప్పూస పొట్లాల కంపెనీలో మిషను మీద కవర్లు అతికించేదాన్ని. అక్కే పట్టుబట్టి ప్రైవేటుగా పది రాయడానికి దరఖాస్తు పెట్టించింది.

సరిగ్గా లెక్కల పరీక్ష రోజే సూపర్‌వైజరు సెలవివ్వనన్నాడు. రాకపోతే పని పోతుంది, లేదంటే బదులు మనిషిని పంపాలి. మాలో అది మామూలే. తల్లికి జ్వరమొస్తే కూతురు వెళ్లేది, అక్కకి పురుడొస్తే చెల్లెలు వెళ్లేది. మా అమ్మ నాన్నని వదిలి కదల్లేదు. ఇక పరీక్ష ఊసు వదిలేసుకున్నాను. సంగతి తెలిసి అక్క పొద్దున్నే మా ఇంటికొచ్చింది.

"కవర్లు అతికిచ్చుడే గదా, నేను జేస్త. నువ్వు పోయి రాయి."

షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్ వెళ్లి రాశాను. బాగా రాశాను కూడా, ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా మిషనుకి ఒక రోగముండేది. పెడలు మీంచి కాలు తీశాక కూడా కవరు అతికించే వేడి ఇనప పట్టీ ఇంకోసారి కిందికి పడేది. అది పడ్డాకే చెయ్యి పెట్టాలి. నా చేతులకి ఎంత అలవాటైపోయిందంటే, అదొక చెప్పాల్సిన సంగతని నాకు తట్టనే లేదు.

సాయంత్రం దవాఖానాలో చూశాను. అక్క కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. నేను ఏడుస్తుంటే కసురుకుంది.

"ఏడుసుడు ఆపు. ఆఖరి లెక్క వచ్చిందా, లేదా?"

వచ్చిందన్నాను. కళ్లు మూసుకుంది.

మరుసటి నెలలో ఆమె పరీక్షలు. రాయలేకపోయింది. ఊరికి వెళ్లిపోయి మళ్లీ రాలేదు. కొన్నేళ్లకి అదే హాస్టల్లో నాకు మంచం దొరికింది. పక్క మంచం మీద ఎవరో తెలియని పిల్ల ఉండేది.

ఇప్పుడు నేనూ ఆదివారాలు గల్లీలు తిరిగి పిల్లల్ని కాలేజీలకి పంపిస్తుంటాను. చెప్పిందే చెప్పి ప్రాణం తీస్తానని వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నాకు తెలిసిందంతా చెప్పకుండా ఎవరినీ గడప దాటనివ్వను. ఆ పొద్దున నేను చెప్పాల్సింది ఒక్క మాటే.