చక్కెరకు ఒక్కపొద్దు

బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లు ప్రయోగశాలలో నా ఉద్యోగం. చెరకు రసంలో చక్కెర ఎంతుందో దశాంశం తర్వాతి అంకెతో సహా చెప్పగలను. నా కూతురి గుండెలోని చక్కెర విషయంలో ఆ కచ్చితత్వం అక్కరకు రాలేదు.

పాపకు మూడేళ్లు. మిగులు చక్కెరను శరీరం గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. దాన్ని తిరిగి పూర్తిగా విడదీసే ఎంజైము పాపకు పుట్టుకతోనే లేదు. దాచినది కాలేయంలో, గుండె కండరంలో పేరుకుపోతోంది. ఎకో తీసిన డాక్టరు గుండె గోడ మందమైందన్నారు. ఆ వెంటనే, పాపను ఆకలితో ఉంచవద్దని, రక్తంలో చక్కెర పడిపోతుందని హెచ్చరించారు. రెండు మాటలూ విడివిడిగా అర్థమయ్యాయి, కలిపితే కాలేదు. ఇంటికొచ్చి మా అమ్మకు రెండూ చెప్పాను. ఆమె మనసులో మొదటిదే నిలిచింది.

నిజామాబాద్‌లోని ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ పాపను చూసుకునేది అమ్మే. ఒక శనివారం నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి పాప గోడకు ఒరిగి ఉంది. నుదుట చల్లని చెమట. పిలిస్తే ఆలస్యంగా చూసింది. పొద్దున పట్టమని నేను కలిపి వెళ్లిన పాలు, చక్కెర మెల్లమెల్లగా అందేందుకు పచ్చి మొక్కజొన్న పిండి వేసినవి, గిన్నెలో అలాగే ఉన్నాయి.

“పాలు తాగలేదేందే అవ్వా?” అని అమ్మను అడిగాను.

“నేనే తాపలే. లింబాద్రి గుట్ట సామికి మొక్కిన. నాతోని పాప గూడ ఒక్కపొద్దున్నది. మిల్లుల చెరుకు ఎయ్యకుంటె గోదాముల చక్కెర ఒడుస్తది గద బిడ్డా. గుండెలది గూడ గట్లనే ఒడుస్తదనుకున్న.”

ఆ తర్కంలో తప్పెక్కడుందో నాకు వెంటనే తోచలేదు. పాప మింగగలుగుతోందని చూసుకుని, చక్కెర నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాను. అప్పుడు తట్టింది: ఆ గోదాము తలుపు తెరుచుకోకపోవడమే రోగం. అయినా, గుండె నిండా చక్కెర పేరుకున్న బిడ్డ నోట్లో మళ్లీ చక్కెరే పోస్తున్నానన్న దిగులు చెంచాను వదల్లేదు.

కాసేపటికి పాప చూపు నిలిచింది. ఇంకా కావాలని నోరు తెరిచింది.

అమ్మ బీడీల చాట పక్కకు జరిపింది. “గిప్పుడు పోసింది యాడికి పోతది? నెత్తురులకా, గుండెలకా?”

తెలియదన్నాను. రెండింటికీ కావచ్చన్నాను.

ఆమె లేచి గిన్నె కడుక్కొచ్చింది.

“సామికి నేను జెప్పుకుంట. పిండి ఎట్ల కలపాలె, జెప్పు.”

పాలు చల్లారాకే కలపాలని, పిండిని ఉడికించకూడదని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే.