స్మారక సంచికలో లేని మూడు పేజీలు

మా సోషల్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నాకు రాయడం నేర్పింది ఆయనే.

ఏలూరు హైస్కూల్లో ఆయన చెప్పిన పాఠాల్లో పుస్తకంలో లేనిది ఒకటుండేది. తెల్లదొరల కాలంలో మా ప్రాంతం తరఫున ఢిల్లీ శాసనసభకు వెళ్లిన ఓ పెద్దమనిషి కథ. ఎన్నికలప్పుడు ఆయన్ని కొల్లేటి లంకల్లో తిప్పిన దోనె నడిపింది మాస్టారి నాన్నగారే. ఆస్తి లేని లంకవాళ్లకు అప్పట్లో ఓటు లేదు. అయినా ఆ పెద్దమనిషి దోనెలో నిలబడి, "ఉప్పు మీద పన్ను పెరగనివ్వను" అని మాటిచ్చారట. చేపలు ఉప్పువేసి ఎండబెట్టి బతికే జనానికి అంతకంటే ఏం కావాలి? ఇది చెప్పేటప్పుడు మాస్టారు కుర్చీలోంచి లేచి, దోనె నడిపే గెడ వేస్తున్నట్టు చేతులు ఆడించేవారు. మేం ఏదైనా గొప్పగా చెబితే మాత్రం "ఎవరు చెప్పారు? ఎక్కడ రాసుంది?" అని ఆపేసేవారు.

రిటైరయ్యాక ఆ పెద్దమనిషి రాజకీయ జీవితం రాద్దామని మద్రాసు లైబ్రరీకి వెళ్లారు. పాత సభా నివేదికల్లో, పన్ను పెంచాలని ఓటేసినవాళ్ల జాబితాలో ఆ పేరుంది. కొన్నాళ్లకే దొరలిచ్చిన బిరుదూ ఉంది.

తిరిగొచ్చి తిన్నగా మా ఇంటికే వచ్చారు. "అమ్మాయ్, మా నాన్న పోయేదాకా ఆయన ఫొటోకి దండ మారుస్తూనే ఉన్నాడు" అన్నారు. ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అయినా రాశారు. మొదటి గెలుపు, కాలవల కోసం సభలో అడిగిన ప్రశ్నలు, చేసిన మంచి ఏదీ వదల్లేదు. ఆ ఓటు గురించి మూడు పేజీలు.

అది అచ్చు కావాల్సింది ఆ పెద్దమనిషి స్మారక సంచికలో. దానికి సంపాదకురాలిని నేను. వేయించేది ఆ పెద్దమనిషి మనవలు. వాళ్ల కాలేజీలోనే నా ఉద్యోగం. "ఇప్పుడవన్నీ ఎందుకండీ మేడమ్?" అన్నారు మెత్తగా. ఆ మూడు పేజీలూ తీసేశాను. మాస్టారికి చెప్పలేదు.

ఆవిష్కరణ సభలో ఆయన వెనక వరసలో కూర్చుని పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పారు. వెళ్తూ నా దగ్గర ఆగారు.

"ఆయన వచ్చి చెప్పలేదంటే ఢిల్లీ దూరం. మీకు మా ఇల్లు దూరమైందా అండీ?"

పదో ఏట నుంచి నన్ను నువ్వన్న మనిషి. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా కాఫీ ఇప్పించారు, ఆరోగ్యం అడిగారు. మీరు అనే అన్నారు.

అంత్యక్రియలకు లంకల నుంచి ఆటో నిండా జనం వచ్చారు. వాళ్లెవరో కూతురికీ తెలియదు. అందులో ఓ పెద్దావిడ చెప్పింది.

"పుస్తకంలో వెయ్యలేదంటండి. ఆ కాగితాలట్టుకుని మా ఊరొచ్చారండి. చేపలు ఎండేసుకునే కాడ కూర్చుని చదివి వినిపించారు. మీ తాతలకి చెప్పాల్సిందండీ, ఆలీసెమైంది, ఏవనుకోకండి అన్నారండి."

ఆటో ఎక్కాక ఆవిడే నన్ను అడిగింది.

"తవరేమవుతారండీ ఆయనకి?"

ఆటో కదిలినా ఆవిడ కమ్మీ పట్టుకుని, తల బయటికి పెట్టి, నా జవాబు కోసం చూస్తూనే ఉంది.