నిజ్వా కోటకు దారెటు?

యెహెజ్కేలు గారికి దారి అడగడమంటే ప్రాణం. కొత్త ఊళ్లో అడిగితే సరే. తానుండే ఇబ్రా ఊళ్లో, రూమ్ కిటికీలోంచి కనబడే కిరాణా కొట్టుకి కూడా ఇద్దర్ని అడిగే వెళతాడు. పైగా ఒమాన్‌లో ఇరవై ఏళ్లుగా డ్రైవరు.

ఆ శనివారం తన పాత కారులో నర్సు కృపావతినీ, ఆమె చెల్లెలు అబిగైల్‌నీ నిజ్వా కోట చూపిస్తానని బయల్దేరదీశాడు. అక్కకి ఆపరేషనైతే సాయానికొచ్చిన పిల్ల అబిగైల్. వచ్చిన దగ్గర్నుంచీ వంటింటి క్యాలెండరు మీద ఆ కోట బురుజునే చూస్తోంది. దాని పైకెక్కాలని కోరిక. ఎల్లుండే విమానం. ఇవాళ తప్పితే ఇక లేదు.

నవంబరు ఎండ మెత్తగా ఉంది. ఊరి చివర కారు ఆగింది. నెత్తిమీద పెద్ద బోర్డు, దానిమీద బాణం గుర్తు, నిజ్వా అని పేరు. సరిగ్గా దాని కిందే నిలబడి యెహెజ్కేలు గారు టైర్ల షాపతన్ని అడిగాడు.

"బిలాల్ భాయ్, నిజ్వా కిధర్ హై?"

అబిగైల్ తలెత్తి బోర్డు చూసింది. కృపావతి ఊరుకోలేదు.

"అన్నయ్యా, బోర్డుంది కదా!"

"బోర్డుకేం తెలుసమ్మా? పాతిన చోటే నిలబడి ఉంది. అదేనాడైనా నిజ్వా వెళ్లిందా?"

దారిలో సినావ్ అనే ఊళ్లో చేతికర్ర పట్టుకున్న ఒక ఒమానీ పెద్దాయన దొరికాడు. ఆయన దారి చెప్పేముందు చాప పరిచాడు, ఖర్జూరాలు పెట్టాడు, కాఫీ పోశాడు. కప్పు అటూఇటూ ఊపితే ఇక చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. యెహెజ్కేలు గారు ఊపడే!

"ఊపండి అన్నయ్యా, పొద్దు పోతోంది!"

"దారి పూర్తిగా చెప్పనీయమ్మా."

చివరికి పెద్దాయన చెప్పిన దారి మొత్తం ఒక్కటే మాట. "సీదా."

నిజ్వా చేరేసరికి ఎండ వాలింది. ఖర్జూరపు చెట్ల మీదుగా బురుజు కనబడగానే అబిగైల్ ముందుకు వంగింది. కారు మళ్లీ ఆగింది, యెహెజ్కేలు గారు దిగాడు. పక్క తోటలో ఒకాయన నడుం వంచి కాలవ నీళ్లని తెలుగులో తిడుతున్నాడు.

"తమ్ముడూ, కోటకు దారెటు?"

"గదేంది సారూ! గా కనవడేది కోటనే గద!"

"అర్థం కాలేదయ్యా, నిదానంగా చెప్పు."

ఆయన పేరు నర్సయ్య. ఆ తోటంతటికీ ఒక్కడే మనిషి. చెప్పడం మొదలుపెట్టాడు. దారి కోట దగ్గర బయల్దేరి జగిత్యాల వెళ్లింది, అక్కణ్నుంచి వాళ్ల బర్రె ఈనిన కథలోకి తిరిగింది.

"అక్కా, అంకుల్‌కి నిజంగానే దారులు గుర్తుండవా?" అబిగైల్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"డ్యూటీలో ఈయన నడిపేది అంబులెన్సే. లోపల పేషెంటుంటే ఒక్కణ్నీ అడగడు. ఏ గుట్ట వెనక ఏ ఇల్లున్నా కళ్లు మూసుకుని పోతాడు."

"మరి ఇదేంటి?"

కృపావతి గడ్డంతో నర్సయ్యని చూపించింది. ఇందాక వంగి ఉన్న మనిషి నిటారుగా నిలబడ్డాడు. చేతులూపుతున్నాడు, తన బర్రె కథకి తనే నవ్వుతున్నాడు.

యెహెజ్కేలు గారు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం సర్దుకుంటూ గొణిగాడు. "ఇక్కడ అందరూ వీళ్లకి పని చెప్పేవాళ్లేనమ్మా. వీళ్లు చెబితే వినేవాళ్లొకరుండొద్దూ?"

అబిగైల్ కారు తలుపు తీసి దిగింది.

"బాబాయ్, మాకింకా అర్థం కాలేదు. మీరే వచ్చి చూపించండి."

నర్సయ్య తన బురద కాళ్లవైపు చూసుకున్నాడు. కాలవలో గబగబా కడుక్కొచ్చి ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. "ఎన్నేండ్లసంది కోటను బయటికెల్లి చూసుడే బిడ్డా, లోపలికెన్నడు పోలే."

మూసే వేళైంది, త్వరగా చూసి రండి అన్నాడు కోట కాపలా ఆయన. అబిగైల్ మెట్లన్నీ పరుగున ఎక్కేసింది. పైన గాలి, చుట్టూ కొండలు, కింద ఊరంతా పచ్చటి చెట్లు.

వెనకాలే రొప్పుతూ వచ్చిన నర్సయ్య గోడ పట్టుకుని కిందికి తొంగి చూశాడు.

"బిడ్డా, నా తోట యాడున్నది?"

అబిగైల్ వెతికి వెతికి వేలితో చూపించింది. నర్సయ్య చాలాసేపు చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గింతేనా! మరి పొద్దుగూకెదాక నీళ్లు వెట్టినా పని ఒడుస్తలేదేందే!"