టీచరుగారి చెట్టు మీది నూగు

ఉదయం ఏడుంపావుకి షాపు షట్టర్ ఎత్తాను. రెండేళ్ల కిందటి నవంబరు. అద్దంకిలో నాకు పురుగుమందుల షాపు ఉంది. మిర్చి పూత మీదుండే ఆ నెలలో, షట్టర్ పూర్తిగా లేవకముందే ఎవరో ఒకరు తెగులు పట్టిన కొమ్మతో వచ్చి నిలబడతారు. కొమ్మ చూసి మందు చెప్పడమే మా పనిలో పెద్ద భాగం. ఆ వేసవిలోనే నా భార్య పోయింది. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప వేరే మాట రాని రోజులవి.

ఆ పొద్దున వచ్చింది మస్తాన్‌వలి. దగ్గర్లోని పల్లెలో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక రెమ్మ తీసి కౌంటర్ మీద పెట్టాడు. చివర మొగ్గల గుత్తి ఉంది. గుత్తికీ కాడకీ లేత ఆకులకీ దట్టంగా గోధుమరంగు నూగు, తుప్పు పట్టినట్టు.

“ఇది నా చేనిది కాదన్నా. గట్టుకి అవతల రూతమ్మ టీచరుగారి దొడ్డి ఉందిగా, అందులో లోక్వాట్ చెట్టుది. కొట్టేయమంటే వినట్లేదు. నువ్వు చెబితే వింటారు.”

లెన్స్ పెట్టి చూశాను. పురుగు లేదు, గుడ్లు లేవు. కానీ లోక్వాట్ మొగ్గను నేను అంతకుముందు చూసి ఎరగను. మస్తాన్ భయం మాత్రం తెలుసు. ముందటేడు నల్ల తామరపురుగు, అంటే పూతలో చేరి రసం పీల్చే త్రిప్స్, అతని చేనంతా తినేసింది. మళ్లీ ఆ దెబ్బ తగిలితే కౌలు చేను వదులుకోవాల్సిందే. ఇద్దరం బండి మీద వెళ్లాం.

రూతమ్మగారు రిటైరైన టీచరు. లోక్వాట్ చల్లటి చోట్ల కాసే పుల్లతీపి పండు. మన నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుందని, ఆవిడ ఎర్రమట్టితో దిబ్బ పోసి దాని మీద అంటుమొక్క నాటారు. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచారు. ఏటా వేసవిలో పడమటి ఎండ తగలకుండా పత్తికట్టెతో దడి కట్టారు. నాలుగో ఏడు, ఆ నవంబరులోనే, తొలి మొగ్గ వచ్చింది.

“ఏరా మస్తానూ, ఎక్కాలు రాక బెంచీ ఎక్కినవాడివి, నాకు తెగులు చూపిస్తావా?”

“ఎక్కాలు రాకపోయినా పురుగు తెలుసు టీచరుగారూ. దాని దెబ్బకి పోయినేడు చేనంతా దున్నేసినవాణ్ణి.”

నేను తెల్లకాగితం గుత్తుల కింద పట్టి కొమ్మను తట్టాను. త్రిప్స్ ఉంటే కాగితం మీద పడి కదులుతాయి. దీన్ని స్కౌటింగ్ అంటాం. దుమ్మూ ఒక చీమా పడ్డాయి. మొగ్గ విచ్చేదాకా ఆగమన్నాను.

“ఈలోగా నా చేనుకి పాకితే?” అన్నాడు మస్తాన్.

“విచ్చాక పురుగే అని తేలితే గొడ్డలి నేనే తెచ్చి నీ చేతికిస్తా” అన్నారు రూతమ్మగారు. తర్వాత నావైపు తిరిగి, “పండు కోసం కాదండీ. ఇన్నేళ్లు సాకాను. పువ్వెలా ఉంటుందో చూడాలి” అన్నారు.

నెలాఖర్లో మస్తాన్ ఫోన్ చేశాడు. “అన్నా, ఒకసారి రా.” అంతే. పురుగే వచ్చిందనుకుని వెళ్లాను.

గేటు దగ్గరే వాసన తగిలింది. దేనితోనూ పోల్చలేకపోయాను. దాని వెనకే ఒక రొద. తుప్పు రంగు గుత్తులు విచ్చి, ఆ నూగులోంచి తెల్లటి పువ్వులు బయటికొచ్చాయి. మొగ్గను చలి నుంచి కాచే దుప్పటిలా ఉంది ఆ నూగు. ప్రతి గుత్తి మీదా తేనెటీగలు. చుట్టూ కనుచూపు మేర మందు కొట్టిన మిర్చీ పత్తీ. ఆ చేలల్లో ఇన్ని ఈగలు ఇంకా బతికి ఉన్నాయని, ముప్పై ఏళ్లుగా మందులమ్ముతున్న నేను అనుకోలేదు. ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడాది నాకు బరువనిపించని మౌనం అదొక్కటే.

మస్తాన్ భుజాన స్ప్రే పంపు ఉంది. గట్టు మీద డ్రమ్ములో మందు కలిపి సిద్ధంగా ఉంది. చెయ్యెత్తి గాలి చూశాడు. పంపు దించాడు.

“గాలి ఇటే కొడుతోంది. సాయంత్రం ఈగలు పోయాక కొట్టుకుంటాలెండి.”

“ఈ తెలివి ఆరో తరగతిలో ఉంటే కలెక్టరయ్యేవాడివి గదరా!”

“అయ్యుంటే చెట్టు కొట్టేయమని ఆర్డరే వేసేవాణ్ణి గదండీ.”

ఆవిడ పెద్దగా నవ్వారు. మార్చిలో పిడికెడు పండ్లు నిలిచాయి. మస్తాన్ చేనూ ఆ ఏడు దక్కింది.

అప్పటినుంచీ కొత్త మొక్క కొమ్మ ఎవరు తెచ్చినా, అది బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ముందు అడుగుతాను. మస్తాన్‌ని చూసి పక్క చేలవాళ్లూ నేర్చుకున్నారు. లోక్వాట్ పూసే రోజుల్లో ఆ దొడ్డి చుట్టూ పొద్దునపూట ఎవరూ మందు కొట్టడం లేదు.