సుంకన్న గుడారాల రాజ్యం

సుంకన్న లేడు.

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా ఖాజా ఫోన్ చేశాడు. "సార్, సుంకన్న పోయినాడు. షాపు షట్టర్ ఎత్తుతా ఎత్తుతా పడిపోయినాడంట."

ఏ సుంకన్న అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరో సుంకన్న అయ్యుండాలని ఆశ.

మొన్న ఆదివారమేగా నన్ను రాజద్రోహం కేసులో ఇరికించి, "వచ్చే వారం చూసుకుందాంలే సార్" అని నవ్వాడు!

సాయంత్రం నందికొట్కూరులో, వాళ్ళ సొంతూళ్ళో, మట్టి ఇచ్చి వచ్చాం. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఏడుపు కొంత. సిగ్గే ఎక్కువ.

మీలో చాలామందికి సుంకన్న అంటే కర్నూలు బస్టాండు దగ్గర ఫ్లెక్సులు వేసే మనిషి. బర్త్‌డేలకు, పెళ్ళిళ్ళకు, లీడర్లకు. అన్ని పార్టీల ఫ్లెక్సులూ అతని దగ్గరే.

నాకు మాత్రం అతను గేమ్ మాస్టర్.

అదేంటంటారా? చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, తప్పు పడిన ఫ్లెక్స్ ఒకటి బోర్లా పరుచుకుని కూర్చునేవాళ్ళం. సుంకన్న ఒక కథ నడిపిస్తాడు. అందులో మేం పాత్రలం. మా పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో మేమే చెప్పాలి. మా ఎత్తు పారిందో లేదో ఇరవై మొహాల పాచిక తేలుస్తుంది.

ఆడేది పిల్లలు కాదు. యాభై దాటిన హెడ్మాస్టర్ని నేను, ఏసీ మెకానిక్ ఖాజా, వీలున్నప్పుడు ఇంకో ఇద్దరు.

ఇలాంటి ఆటల్లో మామూలుగా కోటలు, డ్రాగన్లు ఉంటాయి. సుంకన్నది అచ్చంగా మన కర్నూలు. పందొమ్మిది వందల యాభైల్లో మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు ఆఫీసులు టెంట్లలో నడిచాయి కదా. వాళ్ళ తాత ఆ టెంట్లకు గూటాలు దిగగొట్టిన మనిషి. ఆ కబుర్లు వింటూ పెరిగిన మనవడు గుడారాల రాజ్యం అని ఒకటి కట్టాడు.

ఎప్పుడు ఆడినా అక్కడ యాభైలే. జట్కాలు, ఇంకు బుడ్లు, తుంగభద్ర మీద నుంచి వచ్చి ఫైళ్ళు ఎగరగొట్టే గాలి. కాకపోతే రాణికి మూడో కన్ను ఉంటుంది, నీళ్ళ శాఖ మంత్రి ఒక యక్షుడు. ఖాజా సేనాపతి. నేను కోశాధికారిని.

కత్తి యుద్ధాలు తక్కువ. అన్నీ కుట్రలే!

"టెంటుకు గోడ యాడుంటాది సార్? గుడ్డే కదా. గట్టిగా మాట్లాడితే పక్క టెంటోడు వింటాడు" అనేవాడు. ఎవరు రహస్యం పైకి అన్నా పక్క టెంటు వాళ్ళ తరఫున పాచిక వేసేవాడు. వాళ్ళకు వినబడిందంటే మా పని అయిపోయినట్టే. అందుకని ఇంత వయసు వచ్చి చెవుల్లో గుసగుసలాడుకునేవాళ్ళం.

ఒకసారి ఆ యక్షుణ్ణి నా వైపు తిప్పుకుందామని బంగారం ఇస్తానన్నాను, భూములు ఇస్తానన్నాను. లొంగలేదు. సుంకన్న ముసిముసిగా నవ్వి, "ఆయప్పకు దుడ్లు వద్దు సార్. దర్బారులో యాడ నిలబడుకోనుండాడో చూడండి" అన్నాడు.

చూస్తే మూడో వరుస. రాణి పక్కన చోటు ఇప్పిస్తానన్నాను. ఆ ఒక్క మాటకు పడిపోయాడు.

తన ఫోటో అంగుళం చిన్నదయిందని షాపు మీదికొచ్చి అరిచే లీడర్లను రోజూ చూసేవాడు కదా, ఆ తెలివి అక్కడిదే.

నేను మాత్రం ఇంట్లో "స్కూలు పని ఉంది" అని చెప్పి వెళ్ళేవాణ్ణి. తెలిస్తే నవ్వుతారని.

ఇక నిన్నటి సంగతి.

వాళ్ళింటి ముందు టెంట్ వేశారు. లోపల అడుగు పెట్టగానే మా స్కూలు పిల్లవాడి తండ్రి ఒకాయన లేచి నాకు నమస్కారం పెట్టాడు. సుంకన్న తల దగ్గర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని, "ఎవరప్పా మీరు?" అంది.

"ఫ్లెక్సులు వేయించుకునేవాళ్ళమమ్మా" అన్నాను.

ఖాజా నా మొహంలోకి చూశాడు. నేను అటు చూడలేదు. సార్ మాటకు అడ్డం పోకూడదని అతనూ ఊరుకున్నాడు.

"అట్లనా నాయనా. వాని మంత్రులు ఎవరన్నా వస్తారేమోనని చూస్తాండా" అంది ఆమె. "ఆటలో మంత్రులేలే, ఆట అని నాకూ తెలుసు. ఇంటికి వస్తే వాళ్ళ ముచ్చట్లే. కోశాధికారి శానా తెలివైనోడమ్మా, నన్నే బోల్తా కొట్టిస్తాడు అని నవ్వేటోడు. ఆయప్పనన్నా ఒకతూరి చూద్దామనుకుంటి."

ఆమె చెయ్యి నా చేతి మీదే ఉంది. నేనేనమ్మా అనడానికి ఎంతసేపు?

అనలేదు. టెంట్ కింద అందరూ వింటున్నారు.

తిరుగు బస్సులో ఖాజా వేరే సీట్లో కూర్చున్నాడు. కర్నూల్లో దిగేటప్పుడు మాత్రం, "చెవిలో అన్నా చెప్పింటే సరిపోయేది కదా సార్" అన్నాడు.

అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ పోస్టు చదివేవాళ్ళలో నా స్టాఫ్ ఉన్నారు, పేరెంట్స్ ఉన్నారు, చుట్టాలున్నారు. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆదివారాలు నేను స్కూలు పని మీద వెళ్ళలేదు. సుంకన్న రాజ్యంలో కోశాధికారిగా కొలువు చేశాను. నా జీవితంలో అంత హాయిగా ఇంకెక్కడా కూర్చోలేదు.

రేపు మళ్ళీ నందికొట్కూరు వెళ్తున్నాను. టెంట్ ఇంకా విప్పి ఉండరు. ఈసారి చెవిలో కాదు, ఆ గుడ్డ అవతల వీధిలో వాళ్ళకు కూడా వినబడేలా చెబుతాను.

అమ్మా, కోశాధికారి వచ్చినాడు.

సుంకన్నా, పాచిక వెయ్యక్కర్లేదు, పక్క టెంటు వాళ్ళని విననీ. నువ్వు నెమ్మదిగా నిద్రపో.