మూడో సర్వర్ వెర్షన్

రెండు వేల సంవత్సరం దాటాక జంషెడ్‌పూర్‌లో నేను పనిచేసిన పత్రికలో మూడు సర్వర్లు కలిసి ఒకే డిస్కుల్ని వాడుకునేవి. సర్వర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక డిస్కుల ఫార్మాట్‌నూ కొత్త వెర్షన్‌కు మార్చాలి. ఒకసారి మారిస్తే వెనక్కి తేలేం. పాత సాఫ్ట్‌వేర్‌తోనే మిగిలిన సర్వర్ ఇక ఆ డిస్కుల్ని చదవలేదు. అలా మార్చాల్సిన రోజు సాయంత్రం, పేజీలు పక్కనున్న ఆదిత్యపూర్‌లోని ప్రెస్సుకు వెళ్లాల్సింది మూడో సర్వర్ నుంచే.

గోడమీది కాగితంలో మూడింటికీ కొత్త సాఫ్ట్‌వేర్ వేసినట్టు టిక్కులున్నాయి. మా ఇంజనీరు శ్రీకాకుళం మనిషి. ఫార్మాట్ మార్చే కమాండ్ టైప్ చేసి ఆగిపోయాడు.

"టిక్కులున్నాయి కదా, నొక్కేయండి," అన్నాను. పేజీల గడువు నా మెడమీద ఉంది.

"కాగితం ఏటి సెప్తాది బాబూ? మిషన్నే అడుగుదాం. దో మినిట్."

కమాండ్ చెరిపేసి ఒక్కో సర్వర్‌నూ వెర్షన్ అడిగాడు. మొదటిది కొత్తది. రెండోదీ కొత్తదే. మూడోది పాతది.

"టిక్కు ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"నేనే. పొద్దున జనరేటర్ మీద లోడెక్కువైందని దీన్ని ఆపేశాను. కరెంటొచ్చాక ఏసేద్దారనుకుని ముందే పెట్టేశాను."

ఆ టిక్కును అడ్డంగా గీసి కొట్టేసి, మూడోదానికి సాఫ్ట్‌వేర్ వేశాడు. అది లేచాక మళ్లీ మొదటి సర్వర్ నుంచి వరసగా వెర్షన్ అడగడం మొదలుపెట్టాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.