రాగి పలకకు అంటించిన పొర

యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక నా డైరీల్లో మోకాళ్ల నొప్పులు, మాత్రలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మొన్న వానాకాలంలో ఒక రీసెర్చ్ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, జర ఒకసారి ల్యాబుకు వస్తరా? థీసిస్ ఇచ్చే గడువు దగ్గర పడ్డది. నా రీడింగులు మా గైడ్ సార్ నమ్ముతలేరు."

మడికొండ నుంచి బస్సులో నిలబడే వెళ్లాను. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చే ఆ అమ్మాయి కూడా నాకంటే తక్కువేం అలసిపోలేదు.

ఆమె పని ఎల్‌ఈడీ బల్బుల్లో వాడే గాలియం నైట్రైడ్ పొరల మీద. సిలికాన్ ముక్క మీద ఆ స్ఫటికాన్ని వెంట్రుక కన్నా పలచగా పెంచుతారు. రెండింటి పరమాణువుల ఎడం ఒకటి కాదు, చల్లారేటప్పుడు రెండూ ఒకేలా ముడుచుకోవు. పై పొర సాగదీసినట్టు బిగుసుకుపోతుంది. ఆ బిగువును బట్టి ఎలక్ట్రాన్ దాటవలసిన శక్తి అంతరం మారుతుంది, పొర ఇచ్చే కాంతి రంగు కూడా జరుగుతుంది. బాగా చల్లబరిస్తే ఆమె పొరల్లో ఆ మార్పు లెక్క ప్రకారం రావలసిన దానికన్నా ఎక్కువ వస్తోంది. థీసిస్‌లో పెద్ద అధ్యాయం అదే.

పొరను ఉంచి చల్లబరిచే రాగి పలకను బయటికి తీయించాను. సిలికాన్ ముక్క నాలుగు వైపులా గట్టి జిగురుతో అంటించి ఉంది.

"ఇంత జిగురెందుకు బిడ్డా?"

"ఊడిపోతే మల్ల మొదటి నుంచి చల్లబరచాలె సార్. ద్రవ నైట్రోజన్ దొరుకుడే కష్టమైతాంది."

"రాగి సిలికాన్ కన్నా ఎక్కువ ముడుచుకుంటది. జిగురు వదలదాయె. నీ పొరను అది నొక్కుతాంది."

ఆమె ముక్కను జిగురు కరిగించే అసిటోన్‌లో నానబెట్టి ఊడదీసి, ఒక్క మూలనే అంటించి మళ్లీ కొలిచింది. సాయంత్రానికి కొత్త కొలతల గ్రాఫు వచ్చింది. లెక్కకు మించిన మార్పు చాలావరకు పోయింది.

"అంటే పెద్ద చాప్టరంత నేను రాగి గురించి రాసుకున్న అన్నట్టు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మిగిలిన మార్పు నీ పొరదే."

"శానా చిన్నగున్నది సార్."

"చిన్నగనే ఉంటది బిడ్డా."

గైడ్‌కు ఫోన్ చేసింది. "అన్నీ మల్ల కొలవాలె సార్. గడువుకు ఇయ్యలేను." అటునుంచి చాలాసేపు ఏదో వింది, "సరే సార్" అని పెట్టేసింది.

నా బస్సుకు వేళయింది. నేను లేచేసరికి ఆమె మిగతా ముక్కలు అంటించిన పలకలన్నీ అసిటోన్‌లో ముంచుతోంది. రైలు టైమైంది కదా అంటే, ఇంకొకటి ఉంటది లెండి సార్ అంది.